లెక్కకు జ్ఞానతల్లి

మంతారో లోయలో జ్ఞానతల్లో జ్ఞానతండ్రో, అంటే పూనుకుని నిలబడే పెద్దదిక్కు, లేకుండా ఏ పనీ మొదలవదు. బాప్టిజానికి సరే, అది అన్నిచోట్లా ఉన్నదే. ఇక్కడ పసివాడి తొలి జుట్టు కత్తిరింపుకి ఒకరు, ఇంటికప్పు పడిన రోజుకి ఒకరు, ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకి ఒకరు, ఆఖరికి వీధి కుళాయి తిప్పడానికి కూడా ఒకరు ఉండాలి. కుళాయికి జ్ఞానతల్లిగా నిలబడ్డావిడ దానిమీద సీసా పగలగొట్టి, వచ్చిన జనానికి బీరు పోయించి, ఇంటికెళ్ళాక ఆ ఖర్చు తలుచుకుని తల పట్టుకుంటుంది. అలాంటి చోట పాఠం చెప్పుకునే అబ్దోన్ మాస్టారు లెక్కల్ని మాత్రం దిక్కులేకుండా వదిలేస్తారా?

చుపాకా ఊరి బడిలో ఎక్కాలూ సూత్రాలూ చెప్పే టీచరమ్మ వేరే ఉంది. అబ్దోన్ మాస్టారిది లెక్కని ఎలా ఆలోచించాలో నేర్పే క్లాసు. అందులో ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. బోర్డు దగ్గరికి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. వెళ్ళేవాళ్ళు క్లాసులోంచి తమ జ్ఞానతల్లినో తండ్రినో పిలుచుకోవాలి. అలా పిలుపందుకున్నవాళ్ళు కిటికీ పక్కన నిలబడాలి. జవాబు చెప్పకూడదు, తప్పు చూపించకూడదు, దగ్గకూడదు, కనుబొమ్మ ఎగరేయకూడదు. ప్రశ్న మాత్రం అడగొచ్చు. ప్రశ్న చెవిన పడగానే బోర్డు దగ్గరున్నవాళ్ళు సుద్దముక్క కింద పెట్టి, ఆలోచించుకుని, అప్పుడు మళ్ళీ అందుకోవాలి.

“తప్పెక్కడో చెప్పేస్తే జవాబొకటే వస్తుంది. అడిగితే బుద్ధి కూడా వస్తుంది,” అనేవారు మాస్టారు.

హైస్కూలు రెండో ఏడు చదివే ఆ క్లాసులో బోర్డు దగ్గర ఇంత బాగా ఇంకెవరూ చేయరని పేరు తెచ్చుకున్న పిల్ల లుజ్మీలా కంచన్యా. ఊరికి పైన, బంగాళాదుంప చేల మధ్య మట్టి ఇంట్లో తల్లితో ఉంటుంది. మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు, నడిస్తే టపటపమనే పెద్ద బూట్లు. సుద్ద పట్టుకుంటే మాత్రం ఆ పిల్ల వేరే మనిషి. ఆమె ఎప్పుడూ పిలిచే జ్ఞానతల్లి జెనైదా పోమా. సంత వీధిలో పూటకూళ్ళ హోటలు నడిపే యుసేబియా కూతురు.

జెనైదాకి ఒక గొప్ప గుణం ఉంది. బియ్యంలో రాయిలాగా, లెక్కలో తప్పు ఆమె కంటికి ఇట్టే తగులుతుంది. తగిలితేనే అడుగుతుంది, లేకపోతే నోరు మెదపదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె సరైన వరస మీద ప్రశ్న వేయలేదు. అది క్లాసందరికీ తెలుసు. జెనైదా అడిగిందంటే ఎక్కడో జారామన్నమాట. అడగలేదంటే దారి బాగుందన్నమాట. లుజ్మీలా అయితే ప్రతి వరసా రాసి ఓసారి కిటికీ వైపు చూసేది, జెనైదా మొహం మామూలుగా ఉంటే ముందుకు పోయేది.

ఆ ఏడు అక్టోబరులో ఒక కబురు వచ్చింది. రాజధాని లీమా పక్కన ప్రభుత్వం కొత్తగా తెరిచిన హాస్టలు బడికి పిల్లల్ని ఎంచడానికి లోయలోని పెద్ద పట్నం హ్వాంకాయోలో పరీక్ష పెడుతున్నారు. తిండి, బట్ట, పుస్తకం అన్నీ వాళ్ళవే. ప్రతి బడి నుంచీ ఒక్కరినే పంపాలి. జెనైదాకీ లుజ్మీలాకీ ఏడాదంతా సమానంగా మార్కులు. ఎవరు వెళ్ళాలో శుక్రవారం బోర్డు దగ్గరే తేల్చుకుందామన్నారు మాస్టారు.

లుజ్మీలాకి ఆ సీటు ఎందుకు కావాలో జెనైదాకి తెలుసు. లీమాలో లుజ్మీలాకి బాప్టిజం నాటి జ్ఞానతల్లి ఒకావిడ ఉంది. “పిల్లని నా దగ్గరికి పంపు, చదివిస్తా” అని మనిషి చేత రెండుసార్లు చెప్పించింది. ఆ చదివించడం ఎలాంటిదో లోయలో అందరికీ తెలుసు. అంతకు ముందు ఆవిడ ఇంటికెళ్ళిన పక్కింటి పిల్ల పండక్కి వచ్చినప్పుడు, చేతులు సోడాసబ్బుకి పగిలి ఉన్నాయి, తన పేరు రాయమంటే తడబడింది. డిసెంబరులో బడి మూయగానే లుజ్మీలాని పంపేయాలని తల్లి అనుకుంటోంది. ఈ పరీక్ష గట్టెక్కితే ఆ బాధ తప్పుతుంది.

జెనైదాకి ఎందుకు కావాలో అడిగితే ఆమె కూడా చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు. ఆ శుక్రవారం పొద్దున ఓట్స్ జావ గిన్నెలో పోస్తూ తల్లి ఒక మాటంది.

“ఇవాళైనా నువ్వు గెలుస్తావా, లేక ఎప్పట్లాగే పెళ్ళికూతురి పక్కన తోడిపెళ్ళికూతురివేనా?”

అంతే. యుసేబియాకి నోటి దురుసే తప్ప మనసులో ఏమీ ఉండదు. కానీ ఆ మాట జెనైదా గొంతులో జావతో పాటు దిగలేదు.

శుక్రవారం మొదటి వంతు లుజ్మీలాది. మాస్టారు లెక్క చదివారు. ఒకావిడ కుయ్‌లు తీసుకుని సంతకు బయల్దేరింది. కుయ్ అంటే అక్కడి వంటిళ్ళ మూలల్లో కిచకిచలాడుతూ పెరిగే, ఎలుక కన్నా పెద్దదీ కుందేలు కన్నా చిన్నదీ అయిన జంతువు, పండగొస్తే కంచంలో ఉంటుంది. దారిలో మూడు వంతెనలు. మొదటి వంతెన దగ్గర ఆవిడ తన దగ్గరున్నవాటిలో సగం అమ్మింది, ఆ తర్వాత ఒకటి ఊరికే ఇచ్చేసింది. రెండో వంతెన దగ్గరా అంతే, మూడో దగ్గరా అంతే. సంతకు చేరేసరికి ఒక్క కుయ్ మిగిలింది. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు ఎన్ని?

ఇలా చివర నుంచి మొదటికి వెళ్ళే లెక్కకి ఆ దేశమంతా ‘పీత పద్ధతి’ అని పేరు. పీత నిజంగా వెనక్కే నడుస్తుందో పక్కకి నడుస్తుందో సముద్రం చూడని లోయ పిల్లలకి తెలియదు, వాళ్ళకి ఆ పట్టింపూ లేదు. ముందుకు చేసిన ప్రతి పనినీ వెనక నుంచి విప్పుకుంటూ రావాలి. ఆఖరున చేసిన పనిని ముందు విప్పాలి, బూటు విప్పాకే మేజోడు విప్పినట్టు.

లుజ్మీలా తడుముకోలేదు. “మిగిలింది ఒకటి. ఆఖరున ఊరికే ఇచ్చింది కలిపితే రెండు. అది సగం, కాబట్టి మొత్తం నాలుగు,” అని రాసి కిటికీ వైపు చూసింది. జెనైదా మొహం మామూలుగా ఉంది. “నాలుగూ ఒకటీ అయిదు, రెట్టింపు పది.” మళ్ళీ చూసింది. ఇక మిగిలింది ఒక్క వంతెన. పదీ ఒకటీ పదకొండు, రెట్టింపు ఇరవై రెండు. జెనైదా మనసులో అప్పటికే ఇరవై రెండు రాసేసుకుంది. లుజ్మీలా చెయ్యి పైకి లేచింది.

“లుజ్మీలా, ఏది ముందు?” అంది జెనైదా.

ఆ మాట తను అడగలేదని, నోరే అడిగేసిందని ఆ తర్వాత ఎన్నోసార్లు సర్దిచెప్పుకుంది. కానీ ఆ నోరు ఎవరిది?

లుజ్మీలా సుద్ద కింద పెట్టింది. జెనైదా మొహంలోకి చూసింది. ఆ చూపులో అనుమానం లేదు, కంగారొక్కటే ఉంది. జెనైదా ఊరికే అడగదు. అడిగిందంటే ఎక్కడో జారింది. లుజ్మీలా తను రాసిన వరసల్ని పైనుంచి కిందికి చూసుకుంది. తప్పు కనపడలేదు. కనపడకపోయినా ఉండే ఉంటుంది. స్వెట్టరు చేత్తో బోర్డంతా తుడిచేసింది.

“ముందు రెట్టింపు చేసి, తర్వాత ఒకటి కలపాలి కాబోలు,” అని గొణుక్కుంటూ రాసింది. ఒకటికి రెట్టింపు రెండు, ఒకటి కలిపితే మూడు. మూడు నుంచి ఏడు. ఏడు నుంచి పదిహేను. పదిహేను కింద గీత గీసేసరికి విరామం గంట కొట్టారు.

వెనక బెంచీలోంచి రిగొబెర్తో అనే వాగుడుకాయ లేచాడు. “పదిహేనులో సగం ఏడున్నర! ఆ అర కుయ్‌ని ఏం చేసిందే తల్లీ ఆవిడ, వంతెన మీదే వేయించుకు తిన్నదా?”

క్లాసంతా ఘొల్లుమంది. లుజ్మీలా చెవులు ఎర్రబడ్డాయి. మాస్టారు నవ్వలేదు. బోర్డు వైపు చూశారు, తర్వాత కిటికీ వైపు చూశారు, హాజరుపట్టీ మూసి బయటికి వెళ్ళారు.

విరామం అయ్యాక జెనైదా వంతు. “నీ జ్ఞానతల్లి ఎవరు?” అన్నారు మాస్టారు. ఇంకెవరు? లుజ్మీలా కళ్ళు తుడుచుకుని వచ్చి కిటికీ పక్కన నిలబడింది.

ఈసారి లెక్క కోళ్ళూ గొర్రెలూ. దొడ్లో ఇరవై తలలు, యాభై ఆరు కాళ్ళు. గొర్రెలెన్ని? అన్నీ కోళ్ళే అనుకుంటే కాళ్ళు నలభై, అంటే పదహారు కాళ్ళు ఎక్కువున్నాయి. ఇక్కడిదాకా జెనైదా చక్కగా వచ్చింది. బుర్ర మాత్రం ఇంకా ఆ తుడిచేసిన బోర్డు దగ్గరే ఉంది. గొర్రెకి నాలుగు కాళ్ళు కదా అని పదహారుని నాలుగుతో భాగించబోయింది.

“జెనైదా, దొడ్లోంచి ఒక కోడిని తీసేసి దాని చోట గొర్రెని కడితే, ఎన్ని కాళ్ళు పెరుగుతాయి?” అని అడిగింది లుజ్మీలా.

మెల్లగా, ఎప్పుడూ అడిగే గొంతుతోనే అడిగింది. జెనైదా సుద్ద కింద పెట్టింది. రెండే పెరుగుతాయి. పదహారుని రెండుతో భాగించాలి. ఎనిమిది గొర్రెలు, పన్నెండు కోళ్ళు. మాస్టారు తలూపారు. క్లాసు చప్పట్లు కొట్టింది. లుజ్మీలా వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది.

“వెళ్ళవే, హ్వాంకాయో వాళ్ళ బుర్రలు తిరిగిపోవాలి!”

ఆ పిల్ల చేతుల్లో జెనైదా కొయ్యలా బిగుసుకుపోయింది.

ఆ సాయంత్రం యుసేబియా పండగ చేసింది. బలిసిన కుయ్‌ని ఎంచి కోసి, వేరుశెనగ ముద్దలో ఉడికించి, బంగాళాదుంపలతో కూతురి ముందు పెట్టింది. హోటలుకొచ్చిన ప్రతివాడికీ అడక్కుండానే కబురు చెప్పింది. జెనైదా కంచం వైపు చూసింది. వంతెన మీద ఊరికే ఇచ్చేసిన కుయ్ ఇదేనేమో అనిపించి ముద్ద దిగలేదు.

“సంతోషంలో ఆకలి చచ్చిపోయింది పిల్లకి,” అంది యుసేబియా.

అక్టోబరు అంటే అక్కడ ఊదారంగు కట్టి మొక్కు తీర్చుకునే నెల, ఆదివారం గుడి నిండా ఆ రంగే. మొక్కుకున్న ఆడవాళ్ళందరూ ఆ రంగు గౌనుల్లో ఉన్నారు. పాదిరి ముందు తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం వరసలో జెనైదా నిలబడింది. జాలీకి అవతల ముసలి పాదిరి ఆవులిస్తున్నాడు.

“ఏం చేశావమ్మా?”

“ఒక ప్రశ్న అడిగాను ఫాదర్.”

“ఏ ప్రశ్న?”

“ఏది ముందు అని.”

పాదిరి ఆవులింత ఆపుకున్నాడు. “దేవుణ్ణి గురించా?”

“కాదు ఫాదర్. కుయ్‌ల గురించి.”

“ప్రశ్నలడగడం పాపం కాదు తల్లీ. వెళ్ళి ఒక జపం చెప్పుకో. తర్వాతెవరు?”

జెనైదా బయటికొచ్చింది. అసలు సంగతి మింగేసి తోక మాత్రం చూపిస్తే పాదిరి మాత్రం ఏం చేస్తాడు? క్షమాపణ కోసం వెళ్ళి అక్కడా మోసమే చేసొచ్చాననుకుంది.

మధ్యాహ్నం లుజ్మీలా కొండ దిగి వచ్చింది. గుడ్డలో వేయించిన మొక్కజొన్న గింజలు కట్టుకొచ్చింది, పరీక్షకి తయారు చేయిస్తానని. ఇద్దరూ హోటలు వెనక యూకలిప్టస్ దుంగల మీద కూర్చున్నారు.

“శుక్రవారం సంగతి…” అని మొదలెట్టింది జెనైదా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే అటూ ఇటూ చూసింది.

“అదా! ఇంటికెళ్ళి మళ్ళీ చేశానే. ఇరవై రెండే. నేను ముందు రాసిందే రైటు,” అంది లుజ్మీలా గింజలు నములుతూ. “నువ్వు మంచి ప్రశ్నే అడిగావు. ఆ ప్రశ్నకి నిలబడలేకపోయింది నేనే. నిలబడలేనిదాన్ని అంత పెద్ద పరీక్షకి పోయి ఏం చేస్తా చెప్పు? రైటు రాసి కూడా ఎవరో దగ్గితే తుడిచేసుకుంటా. అమ్మకి చెప్పేశా, లీమాకి కబురు పంపమని.”

“ఏం కబురు?”

“వస్తున్నానని. బట్టలుతకడానికి ఏది ముందో తెలుసులే, ముందు నానబెట్టాలి!” అని నవ్వింది.

జెనైదాకి నవ్వు రాలేదు. సీటు ఒక్కటే లాక్కున్నాననుకుంది ఈ రెండ్రోజులూ. తను లాక్కున్నది అంతకంటే పెద్దదని ఆ నవ్వు చూశాక అర్థమైంది. రైటు రాసిన చెయ్యి తనదేనన్న నమ్మకాన్ని ఆ పిల్ల దగ్గర్నించి లాగేసింది. అయినా ఆ రోజు కూడా చెప్పలేకపోయింది. పిరికిది.

సోమవారం బడి వదిలాక వానజల్లు పడింది. కాలవ గట్టు మీద లుజ్మీలా శాలువా తల మీదికి లాక్కుని ఇంటిదారి పట్టింది. జెనైదా పరిగెత్తి దారికి అడ్డంగా నిలబడింది.

“నీ లెక్క సరిగ్గా ఉందని నాకు తెలుసు. తెలిసే అడిగాను.”

లుజ్మీలా ఒక్క క్షణం చూసి, భుజం మీద చరిచింది. “పోవే! నా మీద జాలిపడి లేనిపోని అబద్ధాలాడకు. సీటు వదిలేద్దామని చూస్తున్నావా? మీ అమ్మ చీపురు తిరగేస్తుంది.”

“నిజమే చెప్తున్నా.”

“నువ్వు అలాంటి పని చేయవు. నాకు తెలీదా నువ్వెవరో?”

ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం రెండేళ్ళ నమ్మకమే. జెనైదా వానలో నిలబడి ఆలోచించింది. జవాబు చెబితే ఈ పిల్ల తీసుకోదు. తనకు తానుగా చేరుకోవాలి. దానికి దారి ఒక్కటే తెలుసు వాళ్ళిద్దరికీ.

“సరే, నేను చెప్పను. అడుగుతా,” అంది. “నేను ప్రశ్న వేసిన ప్రతిసారీ నీ లెక్కలో ఏముండేది?”

“తప్పుండేది.”

“తప్పు లేనప్పుడు ఎప్పుడైనా అడిగానా?”

“లేదు.”

“ఎందుకడగలేదు?”

“తప్పుందో లేదో నీకు ఇట్టే తెలుస్తుంది కాబట్టి.” లుజ్మీలా గొంతు కొంచెం తగ్గింది.

“శుక్రవారం నువ్వు రాసినదాంట్లో తప్పుందా?”

“లేదు.”

“లేదని నాకు తెలిసుంటుందా, తెలియకుండా ఉంటుందా?”

లుజ్మీలా బోర్డు దగ్గర ఆలోచించేటప్పుడు నిలబడే తీరులోనే నిలబడింది, పెదవి కొరుక్కుంటూ. శాలువా అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ మొహంలో లెక్క తేలడం జెనైదా కళ్ళారా చూసింది. రెండేళ్ళుగా ఆ క్షణం కోసమే ఆమె కిటికీ పక్కన నిలబడేది, ఆ మొహం విచ్చుకోవడం చూడాలని. ఈసారి అది విచ్చుకోలేదు.

“ఎందుకే?” అంది లుజ్మీలా చివరికి.

“అందరూ నిన్నే చూస్తారు. నన్ను కిటికీ కింద లెక్కేస్తారు.”

“నేను చూసేది నిన్నొక్కదాన్నే కదే, బోర్డు దగ్గర.”

ఆ ఒక్క మాట అని, పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయింది. పెద్ద బూట్లు బురదలో టపటపమంటూ చాలాసేపు వినపడ్డాయి. తిట్టినా కొట్టినా బాగుండేదనుకుని జెనైదా గట్టు మీదే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారి దగ్గరికెళ్ళి అంతా చెప్పింది. ఆయన చేతిలోని సుద్దముక్కను రెండుగా విరిచారు.

“నాకు తెలుసమ్మాయ్. నువ్వడిగినప్పుడే తెలుసు. ప్రశ్న అడగడం తప్పని నేను పెట్టిన ఆచారంలో లేదు, అందుకని నోరు మూసుకున్నాను. నువ్వే వస్తావేమోనని శుక్రవారం నుంచీ చూస్తున్నా.”

“నేను రాకపోతే ఏం చేసేవారు మాస్టారూ?”

“తెలీదు,” అన్నారాయన, ఆమె వైపు చూడకుండా. “ఆ మాట అడక్కు.”

పరీక్షకి లుజ్మీలా వెళ్ళింది. ముందు వెళ్ళనంది, మాస్టారు కొండెక్కి తల్లితో మాట్లాడితే ఒప్పుకుంది. సీటు తెచ్చుకుంది. ఊరంతా మురిసిపోయింది. ఆ పిల్ల లీమా వెళ్ళడానికి పెట్టె కావాలంటే పెట్టెకో జ్ఞానతండ్రి, బూట్లకో జ్ఞానతల్లి పోటీపడి ముందుకొచ్చారు.

అసలు జరిగింది మాత్రం లుజ్మీలా ఎవరికీ చెప్పలేదు. మాస్టారూ చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఊరు తనకి నచ్చిన కథ అల్లుకుంది. యుసేబియా కూతురు తనకొచ్చిన సీటుని పేదింటి స్నేహితురాలికి వదిలేసిందట, ఎంత మనసమ్మా ఆ పిల్లది అని. మొదట్రోజు చీపురు తిరగేసిన యుసేబియానే, నాలుగిళ్ళ వాళ్ళు పొగిడేసరికి “నా కూతురు మరి!” అని హోటల్లో చెప్పుకోవడం మొదలెట్టింది. సంతలో ముసలమ్మలు జెనైదా తల నిమిరేవాళ్ళు. నిమిరినప్పుడల్లా ఆమె తల ఇంకాస్త కిందికి దిగేది. కాదని చెప్పడానికి నోరు తెరిచేది, మూసేది. చేసిన తప్పు ఒకటైతే, దానికి వస్తున్న పేరు ఇంకొకటి. రెండోదే ఎక్కువ బరువుగా ఉండేది.

ఇద్దరికీ మాటల్లేవు. లుజ్మీలా కనపడితే తలూపేది, అంతవరకే. బోర్డు దగ్గరికి వెళ్తే మాత్రం ఇప్పుడు కిటికీ వైపు చూడడం మానేసింది. ప్రతి లెక్కనీ వెనక నుంచి చేసి, మళ్ళీ ముందు నుంచి చేసి, రెండూ కలిశాకే గీత గీసేది.

డిసెంబరులో బడి మూసే ముందు ఆఖరి క్లాసు. బయట ఎడతెగని వాన. మాస్టారు ఒక లెక్క బోర్డు మీద రాసి, “జెనైదా, నువ్వు రా. నీ జ్ఞానతల్లి ఎవరు?” అన్నారు.

జెనైదా తల ఎత్తలేదు. ఏ పేరు పిలవాలో తెలియక నిలబడింది. వెనక బెంచీ చప్పుడైంది. లుజ్మీలా లేచి, పిలవకుండానే వచ్చి కిటికీ పక్కన నిలబడింది.

బోర్డు మీది లెక్క ఇది: ‘ఒక కాపరి గొర్రెల్లో మూడోవంతు వరదకి కొట్టుకుపోయాయి. అంతకు ముందు రోజే అతను సంతలో నాలుగు గొర్రెలు కొన్నాడు. ఇప్పుడు మందలో ఇరవై ఉన్నాయి. కొనక ముందు ఎన్ని ఉండేవి?’

పీత పద్ధతే. జెనైదా రాసింది. ఇరవైలోంచి కొన్న నాలుగు తీసేస్తే పదహారు. మూడోవంతు పోగా మిగిలింది పదహారు, అంటే రెండు వంతులు. ఒక వంతు ఎనిమిది, మొత్తం ఇరవై నాలుగు.

“జెనైదా, ఏది ముందు?” అంది లుజ్మీలా.

చెంప మీద కొట్టినట్టయింది. అవే మాటలు. తను ఆ రోజు అడిగిన మాటలే, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆచారం ప్రకారం సుద్ద కింద పెట్టింది. తీర్చుకుంటోంది, అనుకుంది. నేను చేసిందే నాకు చేస్తోంది. పిలవకుండా వచ్చింది ఇందుకే. చేయనీ, నాకు తగిన శాస్తే.

అయినా ఈసారి మోసపోకూడదనుకుంది. తన వరసల్ని ముందు నుంచి సరిచూసుకుంది. ఇరవై నాలుగులో మూడోవంతు ఎనిమిది పోతే పదహారు, నాలుగు కొంటే ఇరవై. సరిగ్గా కుదిరింది. ఇక అనుమానం లేదు, లెక్క సరిగ్గానే ఉంది, ప్రశ్నే దొంగది. జెనైదా సుద్ద అందుకుని, కిటికీ వైపు చూడకుండా ఇరవై నాలుగు కింద గట్టిగా గీత గీసింది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “జెనైదా, బోర్డు మీది రెండో వాక్యం పైకి చదువు.”

“అంతకు ముందు రోజే అతను…” అని చదువుతూ ఆగిపోయింది. ముందు రోజే. కొన్నది ముందు, కొట్టుకుపోయింది తర్వాత. ఇరవై అంటేనే రెండు వంతులు. అంటే ముప్పై. ముప్పైలోంచి నాలుగు తీస్తే ఇరవై ఆరు. లుజ్మీలా అడిగింది సరిగ్గా ఆ తప్పు దగ్గరే.

జెనైదా కిటికీ వైపు తిరిగింది. అక్కడ కోపం లేదు, ఎగతాళి లేదు. లుజ్మీలా చేతులు కట్టుకుని, రెండు నెలల తర్వాత మొదటిసారి ఆమె కళ్ళలోకి చూస్తోంది.

“నేను తప్పున్న చోటే అడుగుతానే,” అంది లుజ్మీలా.

క్లాసులో ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు. జెనైదా బోర్డు వైపు తిరిగి, తన స్వెట్టరు చేత్తో ఇరవై నాలుగుని తుడవడం మొదలెట్టింది. సుద్ద గీత గట్టిగా పడింది, ఎంత తుడిచినా జాడ పోలేదు.